ఏ చేలో, ఏ ఏడు, ఎవరు చూశారు?

మల్దకల్,
జోగుళాంబ గద్వాల జిల్లా.



బిడ్డా, నువ్వు ఫోన్‌కు పంపిన చిట్టా చూశాను. మన గద్వాల నడిగడ్డలో ఆముదం సాగు మీద ప్రాజెక్టు రాయాలి, ఎకరాకు దిగుబడి ఎంత అని వెతికితే ఒక్కో చోట ఒక్కో లెక్క వస్తోంది, నమ్మదగిన సైట్లేవో రాసివ్వు తాతా అన్నావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే కాగితం ముందేసుకున్నాను.

నీ చిట్టాలో అన్నిటికంటే పెద్ద లెక్క గుజరాత్‌ది. అది అబద్ధమేం కాదు. ప్రపంచంలో మొట్టమొదటి ఆముదం హైబ్రిడ్ జీసీహెచ్-3 అక్కడే 1968లో విడుదలైంది. దేశంలో పండే ఆముదాల్లో ముప్పాతిక వంతుకు పైగా ఆ రాష్ట్రానివే. కానీ అక్కడ పంటకు నీళ్లు పెడతారు. తడి ఉంది కనుక ఏడెనిమిది నెలలు చేలో నిలిచి గెల మీద గెల ఇస్తుంది. మన దగ్గర చల్క నేల, వానకు వేసిన పంట. గెలలు వేసే రోజుల్లో నాలుగు రోజులు ముసురు పట్టిందా, బూజు తెగులు వచ్చి కాయలన్నీ కుళ్లిపోతాయి. ఆ గుజరాత్ పత్రం రాసినాయన నిజమే రాశాడు, మన చేనుకు మాత్రం అది చెల్లదు.

అందుకని ఈ సైటు మంచిది, ఆ సైటు చెడ్డది అని పేర్లు బట్టీ పట్టకు. ఏ పత్రం చేతికొచ్చినా మూడు మాటలు అడుగు: ఏ చేలో చూశారు, ఏ ఏడు చూశారు, ఎవరు చూశారు? జవాబు దొరకని కాగితాన్ని, దాని మీద ఎంత పెద్ద పేరున్నా సరే, పక్కన పెట్టు.

నీ ప్రాజెక్టుకు మొదటి ఇల్లు పాలెం. నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి దగ్గరి ఆ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం మన దక్షిణ తెలంగాణ కోసమే ఉంది. ఆముదం అక్కడ ముఖ్యమైన పంట, పీసీహెచ్-111 అనే హైబ్రిడ్ అక్కడిదే. దేశమంతటా ఆముదం మీద జరిగే సమన్వయ పరిశోధన ప్రయోగాల వార్షిక నివేదికలను రాజేంద్రనగర్‌లోని భారత నూనెగింజల పరిశోధన సంస్థ బయటపెడుతుంది. వాటిలో ప్రతి పట్టికలోనూ కేంద్రాల వారీగా లెక్కలుంటాయి. అందరూ కింద ఉన్న దేశపు సగటు చూసి పేజీ తిప్పేస్తారు. నువ్వు పాలెం వరుస చూడు. ఆ ఒక్క వరుస నీకు పది వీడియోల పెట్టు.

రెండోది కృషికోశ్. భారత వ్యవసాయ పరిశోధన మండలి నడిపే ఈ భాండాగారంలో వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలు ఉంటాయి. ఎమ్మెస్సీ పిల్లలు రాసిన థీసిస్సులే కదా అని తేలిగ్గా తీసుకుంటారు కొందరు. నాకు మాత్రం పత్రికలో వచ్చిన ఆరు పేజీల వ్యాసం కంటే థీసిస్ మీదనే గురి ఎక్కువ. ఎందుకంటే పత్రికలో ఫలించిన సంగతే వస్తుంది. థీసిస్‌లో ఫలించనిది కూడా రాయక తప్పదు. ఏ వారం ఎంత వాన పడింది, మట్టిలో నత్రజని ఎంత, మడి పొడవు వెడల్పులెంత, ఎన్నిసార్లు కలుపు తీశారు, అన్నీ అందులో ఉంటాయి. మొదట ముగింపు చదవకు. మూడో అధ్యాయం, అంటే ఏ సామగ్రితో ఏ పద్ధతిలో చేశారో చెప్పేది, అక్కడ మొదలుపెట్టు.

పట్టిక అడుగున సీడీ (క్రిటికల్ డిఫరెన్స్) అని చిన్న అక్షరాలతో ఒక అంకె ఉంటుంది. మీ సార్లు స్టాటిస్టిక్స్ క్లాసులో చెప్పే ఉంటారు, పరీక్ష అయిపోగానే అందరూ మర్చిపోతారు. ఒక రకం హెక్టారుకు 12 క్వింటాళ్లు, ఇంకోటి 10 క్వింటాళ్లు ఇచ్చిందనుకో. సీడీ 3 అని ఉంటే ఆ రెండు క్వింటాళ్ల తేడా లెక్కలోకి రాదు. మడికీ మడికీ సహజంగా ఉండే హెచ్చుతగ్గుల వల్ల వచ్చిందే కావచ్చు. ఆ రెండు రకాల్లో ఒకటి మేలని ఆ ప్రయోగం చెప్పలేదు. విత్తనాల దుకాణాల్లో గోడలకు అంటించే రంగుల కాగితాల మీద దిగుబడి పెద్ద అక్షరాల్లో ఉంటుంది, సీడీ మాత్రం ఉండదు. హెక్టారునూ ఎకరానూ కలిపేయకు. హెక్టారంటే రెండున్నర ఎకరాలకు కొంచెం తక్కువ. నీ చిట్టాలో రెండు లెక్కల మధ్య తేడా అంతా ఇదే.

వెతికే దగ్గర ఒక చిక్కుంది. గద్వాల అని కొడితే పాత కాగితాలు దొరకడం లేదన్నావు కదా. ఎలా దొరుకుతాయి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు పుట్టిందే 2016 అక్టోబరు 11న. అంతకుముందు జరిగిన ప్రయోగాలు, సర్వేలు, విస్తీర్ణం లెక్కలు అన్నీ మహబూబ్‌నగర్ పేరు కింద ఉన్నాయి. ఆ పేరును ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాశారు. ‘హెచ్’ తర్వాత ‘ఏ’ పెట్టినవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు, ‘యు’కు బదులు రెండు ‘ఓ’లు రాసినవాళ్లున్నారు. అన్ని రకాలుగా వెతుకు. కానీ పాత జిల్లా సగటును నడిగడ్డకు అతికించకు. అందులో అటు అచ్చంపేట అడవి అంచులూ, ఇటు జూరాల కాల్వ కింది వరి మళ్లూ అన్నీ కలిసే ఉన్నాయి.

చెట్ల పేర్లదీ ఇదే తంతు. ఆముదానికి రిసినస్ కమ్యూనిస్ అన్న ఒక్క పేరే కనుక నీకు బాధ లేదు. కానుగ కోసం వెతికి చూడు, తల తిరుగుతుంది. పొంగామియా గ్లాబ్రా, పొంగామియా పిన్నేటా, డెరిస్ ఇండికా, మిల్లెట్టియా పిన్నేటా అని ఒక్కో కాలంలో ఒక్కో పేరుతో రాశారు. లండన్‌లోని క్యూ ఉద్యానవనం వారి ‘ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్’లో ఏ పేరు కొట్టినా ఇప్పుడు చెల్లేదేదో, పాతవేవో ఒకే చోట చూపిస్తుంది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థకు అగ్రోవాక్ అనే పదకోశం ఉంది. అందులో తెలుగు మాటలు కూడా ఉన్నాయి. అదే సంస్థ నడిపే అగ్రిస్‌లో ప్రపంచం నలుమూలల పత్రాల వివరాలు వెతకొచ్చు. పూర్తి పత్రం చదవాలంటే డబ్బు కట్టమన్నప్పుడు జేబు తడుముకోకు. మీ కాలేజీ లైబ్రరీలో సెరా అనే సదుపాయం ఉందేమో అడుగు, వ్యవసాయ కళాశాలల కోసం 2007లో మొదలైంది అది. అక్కడా దొరక్కపోతే రాసినవాళ్లకే మెయిల్ పెట్టు. చాలామంది సంతోషంగా పంపిస్తారు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. 1972లో పెట్టిన ఆ సంస్థ 1975లో కొన్ని ఊళ్లను ఎంచుకుని, ఇంటింటి పంట, కూలి, అప్పు, తిండి లెక్కలు రాయడం మొదలుపెట్టింది. వాటిలో రెండు మన పాలమూరువి, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లావి. ఒకటి దేవరకద్ర దగ్గరి దోకూరు, ఇంకొకటి పత్రాల్లో ఔరేపల్లి అని రాసే ఊరు. వాకర్, రయన్ అనే ఇద్దరు ఆ సమాచారంతో 1990లో పెద్ద పుస్తకమే తెచ్చారు. వాన పోయిన ఏడు ఒక ఇల్లు ఎలా నెగ్గుకొస్తుంది, ఊళ్లో ఒకరికొకరు ఎంతవరకు ఆసరా అవుతారు అన్న ప్రశ్న మీద అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ‘ఎకనామెట్రికా’లో రాసిన వ్యాసానికి ఆధారం ఔరేపల్లి, మహారాష్ట్రలోని మరో రెండు ఊళ్ల లెక్కలే. అర్థశాస్త్రం చదివే పిల్లలకు అది దేశదేశాల్లో పాఠం. పాలమూరు రైతులు ఆముదం ఎందుకు వేశారో, ఎందుకు మానేశారో తెలుసుకోవడానికి నీకు ఇంతకంటే దగ్గరి ఆధారం దొరకదు.

ఇక ఏ ఏడు అన్న మాట. ఆముదంలో కంటే పత్తిలో ఇది బాగా తెలుస్తుంది. బీటీ పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది 2002లో, రెండో తరం విత్తనం వచ్చింది 2006లో. ఆ రోజుల్లో రాసిన పత్రాలు పురుగు బెడద తగ్గిందంటాయి, అప్పటికి అది నిజమే. 2015 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు ఆ రెండో తరానికీ లొంగడం మానేసింది, తర్వాత మన చేలలోకీ వచ్చింది. 2008 నాటి పత్రం పట్టుకుని ఇవాళ్టి రైతుకు సలహా ఇస్తే ఆయన నవ్విపోతాడు. పురుగు మందు, తెగులు మందు మాటైతే ఏడుతో పాటు ఇంకోటి కూడా చూడాలి. ఒక మందు పనిచేసిందని పరిశోధన పత్రం చెప్పవచ్చు, కానీ ఆ పంట మీద దాన్ని వాడేందుకు కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు నమోదు ఉందా లేదా అన్నది వేరే సంగతి. బోర్డు జాబితాలు బహిరంగంగానే ఉన్నాయి. అందులో లేనిది నీ ప్రాజెక్టులో సిఫారసుగా రాయకు.

ఎవరు చూశారు అన్నది అన్నిటికంటే చిక్కు ప్రశ్న. పేరు చూస్తే అంతర్జాతీయం, లోపల చూస్తే డొల్ల, అలాంటి పత్రికలు వందలున్నాయి. దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. నిపుణులు పరిశీలించకుండానే పరిశీలించారని చెప్పుకుని రచయితల దగ్గర డబ్బు వసూలు చేసిందని ఆరోపణ. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. మన యూజీసీ మంచి పత్రికలను వేరు చేయడానికి 2018లో కేర్ అనే జాబితా మొదలుపెట్టి, 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. అంటే ఇప్పుడు ఏరుకునే పని నీదే. పంపిన వారానికే అచ్చు వేసే పత్రికనూ, చేపల నుంచి చంద్రమండలం దాకా అన్నీ వేసే పత్రికనూ అనుమానించు. ఫోన్‌లో అడగ్గానే జవాబు చెప్పే కృత్రిమ మేధ ఆప్‌లు ఒక్కోసారి లేని పత్రాలకు కూడా పేర్లు కట్టి ఇస్తాయి. పత్రానికి డీఓఐ నంబరు ఉందా, అది కొడితే ఆ పత్రమే తెరుచుకుంటోందా అన్నది చూడకుండా ఒక్క వరుస కూడా ఎత్తి రాయకు.

తిండి సంగతి కూడా అడిగావు, కొర్రల్లో ఇనుము అంత, పీచు ఇంత అని వాట్సాప్‌లో తిరిగేవి నిజమేనా అని. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారి ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు 2017లో వచ్చాయి. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, నమూనాలు తెచ్చి, 528 పదార్థాలను పరీక్షించి వేసినవి. వాట్సాప్ లెక్కను దాని పక్కన పెట్టి చూసుకో.

చివరగా, ఎంత వెతికినా సరిగ్గా దొరకని సంగతి ఒకటుంది. మన మండలంలో ఏ ఊరికి పోయినా కనిపించే సీడు పత్తి, అంటే కంపెనీలకు విత్తనం కోసం పండించే పత్తి అది. మగ చెట్లు, ఆడ చెట్లు వేరుగా పెట్టి, సాయంత్రం మొగ్గ గిల్లి, పొద్దున పుప్పొడి అద్దే క్రాసింగ్ పని. కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజరు ఇచ్చే అప్పు. విత్తనాన్ని మొలిపించి స్వచ్ఛత చూసే జీవోటీ పరీక్షలో అది ఫెయిలయిందంటే రైతు మీద పడే దెబ్బ. సీడు పత్తి చేలలో పిల్లల పని మీద దావులూరి వెంకటేశ్వర్లు రాసిన నివేదికలున్నాయి, ‘కాటన్స్ ఫర్‌గాటెన్ చిల్డ్రన్’ 2015లో వచ్చింది. అవి చదువు. స్వచ్ఛంద సంస్థలు వేయించినవి కనుక ఎన్ని ఊళ్లు తిరిగారో, ఎవరిని అడిగారో వాళ్లే రాసుకున్న భాగాన్ని ముందు చూడు. కంపెనీల కాగితాలకూ అదే కొలత. కానీ రైతు వైపు నుంచి ఖర్చెంత, మిగిలిందెంత, ఏ ఏడు ఎన్ని కిలోలు వెనక్కి వచ్చాయి అన్న లెక్క ఏ భాండాగారంలోనూ నాకు కనబడలేదు. అవి ఇక్కడి ఇళ్లల్లో నోటుబుక్కుల్లో, పాత రశీదుల్లో ఉన్నాయి.

మన ఊరి తిమ్మప్ప జాతరకు నువ్వు ఎట్లాగూ వస్తావు. ఆముదం ప్రాజెక్టు ఈలోగా ముగించు. వచ్చేటప్పుడు కొలతల పుస్తకం, ఫోన్‌లో స్కాన్ చేసే ఆప్ సిద్ధంగా పెట్టుకో. సీడు పత్తి వేసే ఇళ్లవాళ్లతో నేను ముందే మాట్లాడి ఉంచుతాను. పేర్లు బయటికి రాకుండా, ఏ ఊరు, ఏ ఏడు, ఎన్ని ఎకరాలు అన్నది మాత్రం తప్పకుండా రాసి, మీ సారు ఒప్పుకుంటే దాన్నే నీ తర్వాతి ప్రాజెక్టు చేసుకో.

ఆశీస్సులతో,
మీ తాత