గడువు ముగిసే వేళ ఇచ్చిన ఉద్యోగం చెల్లుతుందా? దాచేపల్లి నగర పంచాయతీ: తరచూ అడిగే ప్రశ్నలు

ఇక్కడ ‘పాలకవర్గం’ అంటే ఎన్నికైన కౌన్సిల్. ‘1994 చట్టం’ అంటే ప్రభుత్వ, స్థానిక సంస్థల ఉద్యోగ నియామకాలను క్రమబద్ధం చేసే ఆంధ్రప్రదేశ్ 2వ నంబరు చట్టం. ‘ఉత్తర్వు’ అంటే నియామక ఉత్తర్వు.

1. పాలకవర్గం గడువు ఎప్పటిదాకా?
రాజ్యాంగం 243-యు అధికరణ ప్రకారం ముందే రద్దయితే తప్ప, తొలి సమావేశం తేదీ నుంచి ఐదేళ్లు. దాచేపల్లిలో పోలింగ్ 2021 నవంబరు 15న జరిగింది. లెక్కకు ఆ తేదీ కాదు, తొలి సమావేశం తేదీయే ఆధారం.

2. చివరి రోజుల్లో నియామకాలు నిషిద్ధమా?
గడువు దగ్గరపడిందన్న ఒక్క కారణంతో ఉత్తర్వు చెల్లకుండా పోదు. అయితే ఎన్నికల ప్రవర్తన నియమావళి అమల్లోకి వచ్చాక, ఓటర్లను ప్రభావితం చేసే నియామకాలు చేయరాదు. 1994 చట్టం మాత్రం ఐదేళ్లూ వర్తిస్తుంది.

3. ఛైర్‌పర్సన్ సంతకం ఉంటే చాలదా?
చాలదు. 1994 చట్టం 4వ సెక్షన్ ప్రకారం, పోస్టును బట్టి పబ్లిక్ సర్వీస్ కమిషన్, నిబంధనల మేరకు ఏర్పడిన ఎంపిక కమిటీ, లేదా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ ద్వారానే ఎంపిక జరగాలి. కారుణ్య నియామకాలకు మినహాయింపు ఉంది. ఉత్తర్వు ఇప్పిస్తామని ఎవరడిగినా డబ్బు ఇవ్వవద్దు.

4. కొత్త పాలకవర్గం వస్తే పాత ఉత్తర్వు రద్దవుతుందా?
దానంతటదే రద్దు కాదు. పోలికకు చూస్తే, అమెరికాలో దిగిపోతున్న అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ చేసిన నియామకాలపై 1803లో మార్బరీ కేసు తీర్పు వచ్చింది. సంతకం, ముద్ర పడ్డాక పదవిపై హక్కు ఏర్పడుతుందని అక్కడి సుప్రీంకోర్టు అన్నది. కానీ ఆ పిటిషన్‌ను నేరుగా విచారించే అధికారం తనకు లేదని తోసిపుచ్చింది. మన దగ్గర ఎంపిక పద్ధతి సక్రమమైతేనే ఉత్తర్వు నిలుస్తుంది. సక్రమం కాని ఉత్తర్వునైనా రద్దు చేసే ముందు సాధారణంగా నోటీసు ఇవ్వాలి.

5. రోజుకూలీగా చేరితే పర్మినెంట్ అవుతుందా?
ఎన్నాళ్లు పనిచేశామన్నదే హక్కు కాదు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సంగతి తేల్చింది. ఆ తీర్పులో ఒక మినహాయింపు ఉన్నా, అది పరిమితమైనది.

6. అనుమానం ఉంటే ఏం చేయాలి?
సమాచార హక్కు చట్టం కింద తీర్మానం, ఖాళీ మంజూరు, ప్రకటన, ఎంపిక జాబితాల నకళ్లు అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపై 90 రోజుల్లో రెండో అప్పీలు చేయాలి.

7. నా ఉత్తర్వుపై నోటీసు వస్తే?
అందులోని గడువులోపే రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. రద్దయితే 226వ అధికరణ కింద హైకోర్టును ఆశ్రయించవచ్చు. దీనికి చట్టం నిర్దిష్ట గడువు పెట్టలేదు. అయినా జాప్యం చేస్తే ఆ కారణంగానే పిటిషన్ వీగిపోవచ్చు. కాగితాలన్నీ తీసుకుని వెంటనే న్యాయవాదిని కలవండి.