చెరువులో చేప – పల్లెకు జీవిక

పాఠ్యాంశ ఉద్దేశం : గ్రామీణ ఆర్థిక వ్యవస్థలో చిన్నతరహా చేపల పెంపకానికి గల స్థానాన్ని, దాని అభివృద్ధికి ప్రభుత్వం అందించే చేయూతను, ఆ చేయూత అర్హులకు దక్కవలసిన ఆవశ్యకతను తెలియజేయడం.

తెలుగు పల్లెకు చెరువు కల్పతరువు. పొలానికి తడి, పశువులకు నీరు, మత్స్యకారునికి జీవనం సమకూర్చినది చెరువే. కాకతీయుల కాలంనాటి రామప్ప, పాకాల చెరువులు నేటికీ పైరులను పండిస్తున్నాయి. వలను నమ్ముకొన్న కుటుంబాలను పోషిస్తున్నాయి.

అయితే చిరకాలం చెరువులో చేపలు పట్టడమే గాని, శాస్త్రీయంగా పెంచడం అంతగా లేదు. బొచ్చె, రోహు, మృగాల వంటి మేలుజాతి చేపలు సాధారణంగా నిలకడ నీటిలో గుడ్లు పెట్టవు. వానకాలంలో నదులకు వరద వచ్చినపుడే అవి సంతానోత్పత్తి చేస్తాయి. అందుచేత నదులలో దొరికే పిల్లలను సేకరించి చెరువులలో వదలవలసి వచ్చేది. వాటిలో ఇతర చేపలను తినివేసే జాతుల పిల్లలు కూడ కలిసి ఉండేవి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌదరి, ఆయన సహచరులు పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఎక్కించి, ఈ చేపల చేత గుడ్లు పెట్టించగలిగారు. దానితో చేపపిల్లల ఉత్పత్తి మనిషి అధీనంలోకి వచ్చింది. ఆ విజయానికి గుర్తుగా ఏటా జూలై 10వ తేదీని జాతీయ మత్స్యరైతు దినోత్సవంగా జరుపుతున్నారు.

బొచ్చె నీటి పైపొరలోను, రోహు నడిమి పొరలోను, మృగాల అడుగున మేత వెతుక్కొంటాయి. కనుక ఈ మూడింటిని కలిపి పెంచితే, ఒక్క చెరువులోనే మూడు అంతస్తుల పంట పండుతుంది. సెంటు భూమి లేని కుటుంబానికి సైతం ఇది ఆదాయ మార్గం. పిల్లలకు, వృద్ధులకు అందుబాటులో ఉండే పౌష్టికాహారం.

ఈ రంగానికి ప్రభుత్వం పలు విధాల అండగా నిలిచింది. 1970వ దశకంలో జిల్లాస్థాయిలో మత్స్యరైతుల అభివృద్ధి సంస్థలు ఏర్పడి శిక్షణను, సబ్సిడీని, బ్యాంకు రుణాన్ని సమకూర్చాయి. 2006లో జాతీయ మత్స్య అభివృద్ధి మండలి హైదరాబాదు కేంద్రంగా వెలిసింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకాన్ని ప్రారంభించింది. 2018–19లో కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యం మత్స్యకారులకూ విస్తరించింది. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సాధారణ వర్గాల వారికి వ్యయంలో 40 శాతం వరకు, మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి 60 శాతం వరకు సహాయం లభించే ఏర్పాటు జరిగింది.

సహాయం ఎంత ముఖ్యమో, సమయం అంత ముఖ్యం. అనేక చెరువులలో నీరు వేసవికి ఇంకిపోతుంది. వానలతో చెరువు నిండిన వెంటనే పిల్లలను వదలాలి. ఆలస్యమైతే చేప తగిన బరువు తూగకముందే నీరు తరిగిపోతుంది. చిన్న పిల్లలను వదిలితే అధిక భాగం పక్షులకు, ఇతర చేపలకు ఆహారమవుతాయి. పంట చేతికి వచ్చిన తరువాత మంచుగడ్డ, రవాణా వసతి లేకపోతే, దళారి చెప్పినదే ధర అవుతుంది.

అంతకు మించిన ప్రశ్న మరొకటి ఉంది. చెరువుపై హక్కు ఎవరిది? దీనికి కొల్లేటి చరిత్ర గొప్ప గుణపాఠం. 1970వ దశకంలో ప్రభుత్వం కొల్లేరు సరస్సులో పేద మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం ఉదాత్తమైనదే. కాని పిల్లలకు, మేతకు కావలసిన పెట్టుబడి సంఘాల వద్ద లేదు. క్రమంగా అనేక చెరువులు కౌలు పేరిట ధనవంతుల చేతులలోకి వెళ్లాయి. హక్కుదారులు తమ గట్ల మీదనే కూలీలయ్యారు. చెరువులు విపరీతంగా పెరిగి సరస్సు సహజ ప్రవాహానికి అడ్డుపడ్డాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో దాని పరిధిలోని చెరువుల గట్లను తొలగించారు. ఆనాడు జీవనాధారం కోల్పోయిన వారిలో పేదలు కూడ ఉన్నారు.

దీనినిబట్టి ఒక సత్యం బోధపడుతుంది. చెరువు ఇచ్చి పెట్టుబడి ఇవ్వకపోతే చెరువు నిలవదు. పిల్లలను ఇచ్చి హక్కును కాపాడకపోతే ఫలం దక్కదు. ప్రకృతి హద్దును మీరితే ఆ రెండూ మిగలవు. సకాలంలో మేలైన పిల్లలు, తక్కువ వడ్డీకి రుణం, న్యాయమైన ధర, సంఘం చేతిలో నిలిచే కౌలు హక్కు – ఈ నాలుగూ కలిసిననాడు వల వేసిన చేతికే చేప ఫలం అందుతుంది.

కఠిన పదాలు – అర్థాలు
జీవిక = బ్రతుకుతెరువు
పీయూష గ్రంథి = మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి
ఉదాత్తమైన = గొప్పదైన
అభయారణ్యం = వన్యప్రాణులకు రక్షణ గల ప్రాంతం

ప్రశ్నలు
1. 1957నాటి ప్రయోగం చేపల పెంపకంలో తెచ్చిన మార్పును వివరించండి.
2. చేపపిల్లలను సకాలంలో వదలవలసిన అవసరం ఏమిటి?
3. కొల్లేటి అనుభవం నుండి గ్రహించవలసిన నీతిని చర్చించండి.