సర్కారు దవాఖానలో కార్డు ఎందుకు చూపించాలి?

ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు సూచనలు

"సర్కారు దవాఖానల వైద్యం ఎట్లాగూ ఉచితమే గదా, ఇంక కార్డెందుకు?" ఈ మాట మీరు అని ఉంటారు, లేదా విని ఉంటారు. నేనూ అన్నాను.

మా మేనత్త పొలం గట్టు మీద జారిపడితే తుంటి ఎముక విరిగింది. సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి ఆరోగ్యమిత్ర కార్డు, ఆధార్ అడిగారు. రెండూ ఊళ్లోనే మరిచిపోయి వచ్చాం. "ఇది ప్రైవేటు కాదు గదా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "సార్, మీ అత్తకు వేసే రాడ్డుకు పైసలు ఏడికెళ్లి వస్తాయనుకుంటున్నారు?" అని అడిగింది. సమాచార శాఖలో పనిచేస్తూ కూడా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా తమ్ముడు బండి మీద ఊరికి పోయి కార్డు తెచ్చాడు. ఆ రోజు నేను తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

దవాఖానకు పైసలు ఎట్లా వస్తాయి?

మూడు దారులు ఉన్నాయి.

1. రాష్ట్ర బడ్జెట్. డాక్టర్లు, నర్సుల జీతాలు, భవనాలు, మందుల కొనుగోలు ఎక్కువగా దీని నుంచే.

2. జాతీయ ఆరోగ్య మిషన్. ఇందులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. ఆశా కార్యకర్తల సేవలు, టీకాలు, తల్లీబిడ్డల ఆరోగ్య కార్యక్రమాలు దీని కిందికి వస్తాయి.

3. ఆరోగ్యశ్రీ. మొదటి రెండూ ఏడాదికి ఇంత అని ముందే కేటాయిస్తారు. ఆరోగ్యశ్రీ అట్లా కాదు. ఏ దవాఖాన ఎంతమందికి ఈ పథకం కింద చికిత్స చేస్తే అన్ని కేసుల డబ్బు ఆ దవాఖానకు వస్తుంది. ప్రైవేటులో చేస్తే ప్రైవేటుకు, సర్కారులో చేస్తే సర్కారు దవాఖానకు.

అంటే కార్డు నమోదు చేయకుండా ఆపరేషన్ చేయించుకుంటే మీకు వైద్యం అందుతుంది, కానీ ఆ కేసు డబ్బు దవాఖానకు రాదు. నమోదు చేయిస్తే వస్తుంది. అందులో కొంత వైద్యం చేసిన సిబ్బందికి ప్రోత్సాహకంగా ఇస్తారు. మిగతాది దవాఖాన అవసరాలకు, అంటే రాడ్లు, స్క్రూలు, స్టాకు అయిపోయిన మందులు, పరికరాల రిపేర్ల లాంటి వాటికి పనికొస్తుంది. రేపు అదే మంచం మీదికి వచ్చేది మీ వాడకట్టు మనిషే కావచ్చు.

పథకం గురించి క్లుప్తంగా

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తర్వాత అన్ని జిల్లాలకూ విస్తరించింది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వర్తిస్తోంది. ఇది మీ చేతికి వచ్చే నగదు కాదు. చికిత్స ఖర్చును ట్రస్టు నేరుగా దవాఖానకు చెల్లిస్తుంది. జలుబు, జ్వరానికి గోలీలు రాయించుకోవడం లాంటివి దీని కిందికి రావు. జాబితాలో ఉన్న చికిత్సలకే వర్తిస్తుంది.

మీరు చేయాల్సినవి

• ఆహార భద్రత కార్డు, రోగి ఆధార్ కార్డు వెంట తీసుకుపోండి. రెండింటినీ ఇప్పుడే ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. కార్డులో రోగి పేరు ఉందో లేదో ముందే చూసుకోండి.

• దవాఖానలో ముందుగా ఆరోగ్యమిత్రను కలిసి వివరాలు నమోదు చేయించండి.

• డాక్టరు పరీక్షల రిపోర్టులు ట్రస్టుకు పంపుతారు. అక్కడి డాక్టర్లు చూసి అనుమతి ఇస్తారు. ప్రాణాపాయం ఉంటే అనుమతి కోసం ఆగనక్కర లేదు. ఫోన్ ద్వారా అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే ఏర్పాటు ఉంది.

• ఇంటికి పంపేటప్పుడు సంతృప్తి పత్రం మీద సంతకం అడుగుతారు. చదివించుకుని, అందిన సేవలు సరిగ్గా రాశారని తెలిశాకే సంతకం లేదా వేలిముద్ర వేయండి.

మీ హక్కులు

అనుమతి వచ్చిన చికిత్సకు పరీక్షలు, ఆపరేషన్, మందులు, రోగికి భోజనం అన్నీ ప్యాకేజీలోనే ఉంటాయి. ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు కూడా ఇవ్వాలి. వీటికి ఎవరైనా, ఏ దవాఖానలోనైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. మందులు బయట కొనుక్కోమని రాసిచ్చిన చీటీ ఉంటే పారేయకండి, అదే మీ సాక్ష్యం.

తరచూ అడిగే ప్రశ్నలు

సర్కారు దవాఖానలో వాడితే మా 10 లక్షల్లో తగ్గుతుందా?
తగ్గుతుంది. ఆ చికిత్స ప్యాకేజీ మొత్తం ఆ ఏడాది పరిమితిలో పోతుంది. దాని గురించి భయపడి కార్డు దాచుకోకండి. ఏడాది తిరిగితే పరిమితి మళ్లీ మొదటికి వస్తుంది. వాడకుండా మిగిలింది మాత్రం వచ్చే ఏడాదికి కలవదు.

కార్డు లేకపోతే సర్కారు దవాఖానలో వైద్యం చేయరా?
చేస్తారు. కార్డు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదు. కార్డు ఉంటే మాత్రం తప్పకుండా చూపించండి.

మా మేనత్త ఇప్పుడు చేతికర్ర పట్టుకుని బతుకమ్మ ఆడే కాడికి పోయి కూచుంటుంది. ఎవరికి ఒంట్లో బాగా లేదన్నా ఆమె మొదట అడిగేది "కార్డు పట్టుకున్నరా?" అనే.

మీరూ అడగండి. ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.