మెచ్చుకుంటే చెడిపోతారా?

ప్రశ్న: మా చర్చి యువజన కూటానికి దొంగతనాల్లో పట్టుబడిన కుర్రాళ్లు వస్తున్నారు. వాళ్లను మెచ్చుకుంటే నెత్తికెక్కరా?

జవాబు: దిద్దుబాటు చెవికెక్కాలంటే ముందు గౌరవం దక్కాలి. ఇటలీలోని ట్యూరిన్ జైళ్లలో మగ్గుతున్న కుర్రాళ్లను చూసిన 19వ శతాబ్దపు క్యాథలిక్ గురువు డాన్ బాస్కో, తప్పు జరగకముందే తోడుండాలన్నారు. ఆ ఆలోచనతోనే 1877లో రాసిన ‘నివారణ పద్ధతి’కి వివేచన, విశ్వాసం, ఆప్యాయతలను పునాది చేశారు. అంతకుముందే, పని నేర్చుకునే పిల్లల కోసం యజమానులతో ఒప్పందాలు రాయించారు. మాటతోనే మందలించాలన్నది వాటిలో ఒక షరతు. కాబట్టి గౌరవమంటే తియ్యటి మాట ఒక్కటే కాదు, రక్షణ కూడా.

మీ భయంలో కొంత నిజముంది. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మ్యూలర్, డ్వెక్ ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివికి పొగడ్త పొందిన పిల్లలు ఓటమి ఎదురుకాగానే డీలాపడ్డారు. శ్రమకు మెప్పు పొందినవాళ్లు పట్టు వదల్లేదు. అందుకే చేసిన మంచి పనిని నలుగురిలో మెచ్చుకోండి. తప్పును దాచకుండా, ఏకాంతంలో సూటిగా చెప్పండి.