ఎక్స్‌పోర్ట్ అనే తూము: షెల్ వేరియబుల్ పిల్ల ప్రాసెస్‌కు చేరేదెలా?

టెర్మినల్‌లో వేరియబుల్‌కు విలువ ఇస్తాం. స్క్రిప్ట్ నడిపితే అక్కడ అది ఖాళీగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కంకిపాడు రైతుకు ఈ లెక్క కొత్త కాదు. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువకు నీళ్లు వదిలినా, తూము ఎత్తందే పంటబోదెలోకి చుక్క రాదు. మీ షెల్ కాలువ. అది నడిపే ప్రతి ప్రోగ్రామూ ఒక బోదె. దాన్నే పిల్ల ప్రాసెస్ అంటారు. తూము పేరు ఎక్స్‌పోర్ట్. 1979 నాటి యునిక్స్ ఏడో ఎడిషన్ నుంచీ ఇదే పద్ధతి.

లినక్స్‌లో బాష్ టెర్మినల్ తెరవండి. కమాండ్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయండి.

1. విలువ ఇవ్వండి: ఊరు=కంకిపాడు. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. ఎకో $ఊరు అని కొడితే కంకిపాడు కనిపిస్తుంది.

2. పిల్లను పుట్టించండి: బాష్ అని కొట్టండి. ఇప్పుడు మీరు కొత్త ప్రాసెస్‌లో ఉన్నారు. ఎకో $ఊరు అంటే ఖాళీ వరస వస్తుంది. ఎగ్జిట్ కొట్టి వెనక్కి రండి.

3. తూము ఎత్తండి: ఎక్స్‌పోర్ట్ ఊరు. మళ్లీ బాష్ కొట్టి, ఎకో $ఊరు అనండి. ఈసారి కంకిపాడు వస్తుంది. ఇలా పిల్లకు అందిన వేరియబుల్స్ అన్నీ ప్రింట్‌ఎన్వ్ కమాండ్ చూపిస్తుంది.

4. నీరు ఎగువకు ఎక్కదని చూడండి: ఆ పిల్లలోనే ఊరు=ఉయ్యూరు అని మార్చి, ఎగ్జిట్ కొట్టండి. పైన ఇంకా కంకిపాడే ఉంటుంది. పిల్లకు అందింది నకలు మాత్రమే.

ఇక్కడ కాలువకూ షెల్‌కూ ఒక తేడా ఉంది. తూము ఎత్తి ఉంచితే నీళ్లు పారుతూనే ఉంటాయి. షెల్ మాత్రం పిల్ల పుట్టేటప్పుడు ఒక్కసారే నకలు ఇస్తుంది. తర్వాత పైన విలువ మార్చినా నడుస్తున్న ప్రోగ్రాంకు తెలియదు. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

5. సెట్టింగుల ఫైలును సోర్స్‌తో చదివించండి: బాష్‌తో నడిపితే, లోపల ఎక్స్‌పోర్ట్ రాసి ఉన్నా, విలువలు ఆ పిల్లతోనే పోతాయి. సోర్స్ అని ముందు పెడితే పిల్ల పుట్టదు. వరసలన్నీ మీ షెల్‌లోనే నడుస్తాయి.

6. ఒక్క పనికే కావాలంటే కమాండ్ ముందే విలువ రాయండి: ఊరు=గన్నవరం బాష్ పని.ఎస్‌హెచ్. ఆ విలువ ఆ పిల్లకే అందుతుంది, మీ షెల్‌లో ఏమీ మారదు.

పాస్‌వర్డ్‌కు ఈ ఆరో పద్ధతే మేలు. ఎక్స్‌పోర్ట్ చేసి వదిలేస్తే, ఆ షెల్ నుంచి ఆ తర్వాత నడిపే ప్రతి ప్రోగ్రాంకూ అది చేరుతుంది. ఏ పొలానికి నీళ్లు కావాలో ఆ తూమే ఎత్తండి.