ప్రక్కవాని భారము, తన బరువు

పాఠ్యభాగములు: నెహెమ్యా 3:1-32, గలతీయులకు 6:1-5

యెరూషలేము ప్రాకారమును మరల కట్టినవారి పేరులు నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమున వరుసగా కలవు. త్వరపడి చదువువానికి అది వట్టి పట్టికగా తోచును. నిదానించి చదివినచో ఒక విశేషము కనబడును. తెకోవీయులు తమ భాగమును బాగుచేసిరి; వారి పెద్దలు మాత్రము పనికి పూనుకొనలేదు (3:5). అయినను ఆ తెకోవీయులే మరియొక భాగమును కూడ బాగుచేసిరి (3:27). పెద్దలు చేయలేదను నెపముతో వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ప్రాకారము 52 దినములలో ముగిసెను (6:15).

నేటి కార్యాలయములందును ఆసుపత్రులందును ఇట్టి రెండవ భాగము కలదు. క్రొత్తగా చేరిన గుమాస్తాకు ఫైళ్లు నడుపు విధమును ప్రక్కబల్లవాడు నేర్పును. జ్వరముతో రాలేకపోయిన నర్సు రోగులను తోటి నర్సు చూచుకొనును. ఇవి నియామకపు ఉత్తరువులో వ్రాయబడిన పనులు కావు. వీటివలన జీతమున ఒక్క రూపాయియు పెరుగదు. అయినను ఇవి లేనిదే ఏ సంస్థయు సాగదు.

లోకజ్ఞానులును ఈ సంగతిని గుర్తించిరి. ఏ సంస్థయైనను మనుష్యుల సహకరించు మనస్సుపై నిలుచునని చెస్టర్ బార్నార్డ్ అను అమెరికా టెలిఫోను సంస్థ అధ్యక్షుడు 1938లో ఒక గ్రంథమున వివరించెను. వ్రాసియుంచిన విధులపైననే ఆధారపడు సంస్థ మిక్కిలి దుర్బలమైనదని డేనియల్ కాట్జ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 1964లో హెచ్చరించెను. 'వర్క్ టు రూల్' అను నిరసన పద్ధతియే ఇందుకు నిదర్శనము. అందులో ఉద్యోగులు ఏ నిబంధనను మీరరు. నిబంధనలలో ఉన్నంతవరకే చేయుదురు. అంతమాత్రమున పని కుంటుపడును.

1983లో డెనిస్ ఆర్గన్, అతని సహచరులు రెండు పెద్ద బ్యాంకులలోని 422 మంది ఉద్యోగులను గూర్చి పరిశోధించి, ఇట్టి నడవడిని 'సంస్థాగత పౌర ప్రవర్తన' అను పేర వివరించిరి. తమ పనియందు తృప్తిగలవారే తోటివారికి చేయూతనిచ్చుటలో ముందుండుట అందులో తేలెను. చేయూత ఆజ్ఞకు లొంగి వచ్చునది కాదు. హృదయములోనుండి పొంగి వచ్చునది.

అయితే ఇచ్చట ఒక అపాయము పొంచియున్నది. కాదనలేనివాని బల్లమీదికే అందరి ఫైళ్లు చేరును. నేడు ఉపకారముగా చేసినది రేపు హక్కుగా అడుగబడును. ఈ భారము అందరిపైనను సమముగా పడదు. పురుషుడు సహాయపడినచో మెప్పు పొందుననియు, స్త్రీ సహాయపడనిచో నింద పొందుననియు మాడలీన్ హైల్మన్, జూలీ చెన్ అను వారి పరిశోధన 2005లో చూపెను. ఆమె చేసిన మేలు మేలుగా కాక, చేయవలసిన పనిగానే లెక్కింపబడెను. ఇది అన్యాయము. విశ్వాసుల సంస్థలలో ఈ అన్యాయమునకు 'సేవ' అను మంచి పేరు పెట్టుట మరింత సులభము.

పౌలు బోధ ఈ చిక్కును విడదీయును. ఒకరి భారములను ఒకరు మోయవలెనని గలతీయులకు వ్రాసిన అతడే, కొంచెము తరువాత ఎవని బరువు వాడే మోసికొనవలెననెను (6:2, 5). ఇవి పరస్పర విరుద్ధములు కావు. గ్రీకు మూలమున ఈ రెండుచోట్ల వేర్వేరు మాటలు కలవు. మొదటిది మనుష్యుని క్రుంగదీయు భారము. రెండవది ఎవనికి వానికి ఏర్పడిన మోత. రోగముచేతనో, దుఃఖముచేతనో, అనుభవము లేమిచేతనో క్రుంగినవానికి భుజమిచ్చుట క్రీస్తు నియమము. సోమరియైనవాని మోతను దినదినము మోయుట అతనికి మేలు కాదు. దానివలన తన స్వంత పని చెడినచో అది యజమానునికిని నష్టమే.

పై అధికారులకును ఇందు పాఠము కలదు. ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒంటరిగా న్యాయము తీర్చుచున్న మోషేను చూచి అతని మామ ఊరకుండలేదు; మోషేయు జనులును నలిగిపోవుదురని చెప్పి, పనిని పంచు మార్గము చూపెను (నిర్గమకాండము 18:13-26). ఎవరు ఎవరి భారమును మోయుచున్నారో కనిపెట్టి, దానిని న్యాయముగా పంచుట నాయకుని విధి. తెకోవీయుల పెద్దలవలె తాము తొలగి, క్రిందివారి త్యాగమును పొగడుచు కూర్చుండుట నాయకత్వము కాదు.

తెకోవీయుల రెండవ భాగమునకు ఏ బహుమానము దొరకెనో వ్రాయబడలేదు. అయితే ఆ పని దేవుని గ్రంథములో వ్రాయబడెను. మనుష్యుల రిజిస్టరులో చేరని సహాయమును చూచు తండ్రి ఒకడున్నాడు.

ఆలోచించుటకు:

1. ప్రక్కవాడు మోయుచున్నది క్రుంగదీయు భారమా, అతని స్వంత మోతయా? దానిని ఎట్లు గుర్తింపవలెను?

2. పనిచేయుచోట అందరికిని సహాయపడుచు, ఎవరి సహాయమును పొందని వ్యక్తి ఎవరు?

ప్రార్థన: ప్రభువా, అడుగకమునుపే అందించు చేతులను, అలసినవారిని గుర్తించు కన్నులను మాకు దయచేయుము. ఆమేన్.