టవల్ మీద నీళ్లు, చద్దర్ మీద నీళ్లు

సోలాపూర్ పూర్వ భాగంలో మా ఇల్లు. నాయన సాంచా, అంటే మరమగ్గం, నడిపేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. నేను ఎమ్మారై గదిలో టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్లు చేశాను. ఇప్పటికీ పొద్దున తలుపు తీస్తే అరుగు మీద ఎవరో ఒకరు ఫైలుతో కూర్చుని ఉంటారు. "కాకా, కాలేయంల గడ్డ అంటున్నరు. ఆపరేషన్ అంట. డిఫ్యూజన్ అని రాసిండ్రు, జర చూడు." వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ఎమ్మారైలో డిఫ్యూజన్ చూసేది నీటి నడకను. మన టెర్రీ టవల్ మీద నీటిచుక్క వేస్తే ఇట్టే పాకుతుంది. పోగులు దగ్గర దగ్గరగా పడ్డ చద్దర్ మీద కాసేపు అక్కడే నిలుస్తుంది. ఒంట్లోనూ అంతే. కణాల మధ్య సందుంటే నీటి అణువులు తిరుగుతాయి, కణాలు కిక్కిరిస్తే వాటికి దారి దొరకదు. ఆ తిరుగుడును కొలిచిన అంకె పేరు ఏడీసీ. ఫ్రాన్స్‌లో డెనిస్ లె బిహాన్ బృందం 1986లో దీన్ని మొదట మెదడు మీద చూపింది, కాలేయానికి తర్వాత వచ్చింది. దీనికి రంగుమందు ఇంజెక్షన్ అక్కర్లేదు.

2. కాలేయ క్యాన్సర్‌కు గ్రేడ్ అంటే గడ్డ సైజు కాదు. కాలేయ కణం తన పోలికను ఎంత పోగొట్టుకుందో చెప్పేది గ్రేడ్. ఎడ్మండ్సన్, స్టైనర్ అనే ఇద్దరు 1954లో దీనికి నాలుగు మెట్లు కట్టారు. మెట్టు పెరిగేకొద్దీ కణాలు కిక్కిరుస్తాయి, ఏడీసీ మామూలుగా తగ్గుతుంది. గ్రేడ్ ఎక్కువున్న గడ్డ సన్న రక్తనాళాల్లోకి పాకి ఉండొచ్చు, తీసేసినా మళ్లీ రావచ్చు. కాబట్టి ఎంత మేర తీయాలో, తర్వాత ఎంత తరచుగా చూడాలో నిర్ణయించే సర్జన్‌కు ఏడీసీతో వచ్చే ఈ గ్రేడ్ అంచనా ముందే చేతిలో ఉంటే మేలు. సూదితో ముక్క తీయొచ్చు కదా అంటారు. తీస్తారు కూడా. కానీ ఒకే గడ్డలో రెండు మూడు గ్రేడ్లు కలిసి ఉండొచ్చు, సూది తగిలిన చోటి సంగతే తెలుస్తుంది. రక్తం కారే భయం, సూది దారి వెంట కణాలు అంటుకునే భయం కూడా కొంత ఉంది.

3. డిఫ్యూజన్ బొమ్మలో గడ్డ తెల్లగా మెరిసిందని ధైర్యం జారవిడవొద్దు. ఒట్టి నీటితిత్తి కూడా మెరవొచ్చు. అదే చోటు ఏడీసీ పటంలో నల్లగా, అంటే అంకె తక్కువగా, ఉందా అని డాక్టరును అడగండి.

4. ఊపిరి సరిగ్గా లేకపోతే బొమ్మ సరిగ్గా రాదు. ఈ తప్పు నేనే చేశాను. దగ్గుతో వచ్చిన ఒక బీడీ కార్మికురాలిని, బయట వరుస పెరిగిందని తొందరపెట్టాను. బొమ్మ చెదిరింది, ఆమె మళ్లీ పరగడుపున రావాల్సి వచ్చింది, ఒక రోజు కూలీ పోయింది. ఆ తర్వాత ప్రతి మనిషినీ ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి, ఎలా ఊపిరి తీయాలో నేర్పాకే లోపలికి పంపాను. కాలేయం ఎడమ భాగంతో ఇంకో చిక్కు. అది గుండె కిందే ఉంటుంది. గుండె కొట్టుకుంటుంటే అక్కడి ఏడీసీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మా వీధిలో ఒకాయనకు అక్కడే గడ్డ. అంకె బాగుందని ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఆపరేషన్ తర్వాత ముక్క పరీక్షలో మూడో గ్రేడ్ అని వచ్చింది. అంకె ఒక్కదాన్ని చూసి ధైర్యం చెప్పడం ఆ రోజుతో మానేశాను.

5. మిషన్ మారితే అంకె మారుతుంది. పుణేలో తీసినదాన్ని హైదరాబాద్‌లో తీసినదానితో పోల్చకండి. పాత సీడీ దాచుకోండి.

6. మా అన్నకూ కాలేయంలో గడ్డ వచ్చింది. దానికి మూలం హెపటైటిస్ బి వైరస్. ఏళ్ల తరబడి ఒంట్లో ఉన్నా ఎవరికీ తెలియలేదు. ఆయన ఏడీసీ పటంలో గడ్డ నల్లగా కనిపించింది. సర్జన్ గడ్డ చుట్టూ ఎక్కువ మేర తీశారు. చివరికి ముక్క పరీక్షలో వచ్చిందీ మూడో గ్రేడే. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఆ వైరస్‌కు మన దేశపు టీకా తెచ్చింది, అప్పటికి అన్నకు నలభై దాటాయి. అన్న మనవరాలు పుట్టినప్పుడు, ఇరవై నాలుగు గంటలు గడవక ముందే ఆ టీకా మొదటి డోసు వేయించాం. ఆసుపత్రి మెట్లు ఎక్కలేకపోయినా అన్న కింద బెంచీ మీద కూర్చుని, వేశారని చెప్పేదాకా కదల్లేదు.